ఐదొందల రూపాయలు, అడ్రస్ లేని ఉత్తరం

వీధి బతుకుల్ని పచ్చిగా చూపించే సినిమాల్లో కళ అంటూ ఏమైనా ఉంటుందా, లేక పేదరికాన్ని చూపించి అవార్డులు కొట్టేయడమేనా అని అడిగారు. ఉంటుంది, కాకపోతే పచ్చిగా తీసినంత మాత్రాన రాదు.

మా నాన్నకి విజయవాడ స్టేషన్ దగ్గర టీ కొట్టు ఉండేది. ఇంట్లోంచి పారిపోయి రైలు దిగిన పిల్లలు ఎప్పుడూ ఒకళ్లిద్దరు మా దగ్గర ఉండేవాళ్లు, గ్లాసుల స్టాండు పట్టుకుని చుట్టుపక్కల షాపులకి టీలు మోసేవాళ్లు (తప్పే, అప్పట్లో మాకెవరికీ తప్పనిపించలేదు). నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్లలో ఒకడు వాళ్లమ్మకి ఉత్తరం రాసిపెట్టమన్నాడు. బాగున్నాను, దసరాకి డబ్బులు తీసుకుని వస్తాను అని రాశాను. అడ్రస్ అడిగితే ఊరి పేరు చెప్పి, పెద్ద చెరువు ఉంటుంది అన్నాడు. జిల్లా తెలీదు. ఆ కార్డు నా లెక్కల నోట్సులోనే ఉండిపోయింది. పోస్ట్ చేశావా అని వాడు అడిగితే చేశానని చెప్పాను.

పదేళ్ల తర్వాత హైదరాబాద్‌లో రూమ్మేట్ కంప్యూటర్‌లో 'సలామ్ బాంబే' చూశాను. 1988లో మీరా నాయర్ తీసిన సినిమా, కేన్స్‌లో అవార్డు వచ్చింది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది, అవేవీ నాకప్పుడు తెలీవు. సర్కస్ వాళ్లు వదిలేసి పోతే బొంబాయి చేరిన కృష్ణ అనే పిల్లాడు టీలు మోస్తూ ఐదొందలు కూడబెట్టి ఇంటికెళ్లాలనుకుంటాడు. వాడు రోడ్డు పక్కన ఉత్తరాలు రాసేవాడి దగ్గర కూర్చుని అమ్మకి ఉత్తరం చెప్తాడు. ఆ రాసేవాడు ఇర్ఫాన్ ఖాన్, ఆయన మొదటి సినిమా. పిల్లాడికి సరైన అడ్రస్ తెలీదు, అటు వెళ్లగానే ఈయన ఆ కాగితం పారేస్తాడు. నేను సినిమా ఆపేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

ఆ సినిమాలో మత్తుమందు ఉంది, వేశ్యావాటిక ఉంది, హత్య కూడా ఉంది. నాకు మాత్రం గుర్తున్నది ఐదొందల లెక్క. ఎంత కూడింది, ఎక్కడ దాచాడు, దాన్ని స్నేహితుడే మత్తు కోసం ఎలా కొట్టేశాడు. నటించిన పిల్లల్లో చాలామంది నిజంగానే బొంబాయి వీధుల్లో పెరిగినవాళ్లు, వర్క్‌షాప్ పెట్టి నేర్పించి మరీ తీశారు. అందుకే ఎక్కడా జాలిపడమని అడుక్కున్నట్టు ఉండదు. మురికివాడ సెట్టు వేసి, వానలో హీరో చేత స్లో మోషన్‌లో పదిమందిని కొట్టించే సినిమాలూ నేను ఈల వేసే చూస్తాను, కాదనను. కానీ వాటిలో బస్తీ ఉండేది గోడమీద పోస్టర్ లాగే. అక్కడ ఎవడు ఏం తిన్నాడో, అద్దె ఎంతో సినిమా అయ్యాక అడిగితే ఒక్కరూ చెప్పలేరు.

పేదల్ని చూపించి సంపాదించారనే మాట కొట్టిపారేయను. సలామ్ బాలక్ ట్రస్ట్ ఆ సినిమా వల్లే పుట్టింది, వీధి పిల్లల కోసం ఇప్పటికీ పనిచేస్తోంది. అదే సినిమాకి జాతీయ అవార్డు తెచ్చుకున్న కృష్ణ పాత్రధారి మాత్రం తర్వాత బెంగళూరులో ఆటో నడిపాడు. రెండూ నిజమే, నాకైతే ఒకదానికి ఇంకొకటి చెల్లు అనిపించదు.

మా కొట్టు కుర్రాడు ఆ దసరాకి రెండు రోజుల ముందే వెళ్లిపోయాడు. ఇంటికో, ఇంకో స్టేషన్‌కో. నాన్న ఆ వారమే ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు.