ఆగ్న్యూ అధ్యక్షుడైతే: కథ రాస్తున్న మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ కథ మొదటి ప్రకరణం శ్రద్ధగా చదివాను. 1974 ఆగస్టు 9న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేయగానే ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ ప్రమాణస్వీకారం చేసినట్టు ప్రారంభించావు. వాక్యం నీకు పట్టుబడింది కానీ, ఎంచుకున్న తేదీ కథను నిలబడనివ్వదు. అప్పటికి పది నెలల ముందే, 1973 అక్టోబరు 10న, ఆగ్న్యూ బాల్టిమోర్ కోర్టులో పన్ను ఎగవేత ఆరోపణను ఎదిరించబోనని చెప్పి, పదివేల డాలర్ల జరిమానాకు తలవంచి, పదవి వదులుకున్నాడు. ఆయనను 1974 దాకా కుర్చీలో ఉంచాలంటే ప్రాసిక్యూటర్లను, సాక్షులను, న్యాయశాఖ అధిపతి అయిన అటార్నీ జనరల్ ఇలియట్ రిచర్డ్‌సన్‌ను కూడా నువ్వు కథలోంచి తప్పించాలి. ఇన్ని మార్చిన తర్వాత అది చరిత్రకు ప్రత్యామ్నాయం కాదు, చరిత్రతో సంబంధం లేని కథ అవుతుంది.

ఒక్కటే మార్చు. 1973 జూలై 12న నిక్సన్ వైరల్ న్యుమోనియాతో బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో చేరాడు. ఆయన అక్కడ ఉండగానే, 16వ తేదీన, శ్వేతసౌధంలో సంభాషణలన్నీ టేపుల్లో రికార్డవుతున్నాయని ఆయన మాజీ సహాయకుడు బటర్‌ఫీల్డ్, వాటర్‌గేట్ కుంభకోణాన్ని విచారిస్తున్న సెనేట్ కమిటీ ముందు వెల్లడించాడు. ఆ జ్వరం తగ్గక నిక్సన్ చనిపోయి, ఆగ్న్యూ అధ్యక్షుడైతే? అప్పటికే బాల్టిమోర్ ప్రాసిక్యూటర్లు ఆగ్న్యూ లంచాల విషయం రిచర్డ్‌సన్ చెవిన వేశారు, ప్రజలకు మాత్రం ఆగస్టు వరకు ఏమీ తెలియదు. కొత్త అధ్యక్షుడు బైబిల్ మీద చెయ్యి పెట్టిన రోజున ఆయన లంచాల సంగతి తెలిసినవాళ్లు దేశమంతటా కొద్దిమందే, వాళ్లలో ఒకరు ఆయన మంత్రివర్గంలోనే కూర్చుని ఉంటాడు. ఇంతకంటే బలమైన ప్రారంభం నీకు దొరకదు.

ఇక్కడే చట్టాన్ని నిదానంగా చదవమని నా గట్టి సలహా. పదవిలో ఉన్న అధ్యక్షుడిపై క్రిమినల్ విచారణ కుదరదని, ఉపాధ్యక్షుడికి ఆ రక్షణ లేదని ఆ సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరుల్లో న్యాయశాఖ వాదించింది. అసలు చరిత్రలో ఆగ్న్యూను కోర్టు మెట్లెక్కించిన తేడా అదే. నీ కథలో అదే ఆయనకు కోటగోడ అవుతుంది. ఇక మిగిలేది అభిశంసన ఒక్కటే. సెప్టెంబరు 25న తన మీద ప్రతినిధుల సభే విచారణ జరపాలని స్పీకర్ కార్ల్ ఆల్బర్ట్‌ను ఆగ్న్యూ స్వయంగా కోరాడు, ఆల్బర్ట్ కాదన్నాడు. నీ కథలో ఆ ఇద్దరినీ మళ్లీ ఎదురెదురుగా కూర్చోబెట్టు. ఉపాధ్యక్ష పదవి ఖాళీగా ఉన్నంతకాలం అధ్యక్షుడి తర్వాతి వరుసలో ఉండేది ఆల్బర్టే. 1967లో అమల్లోకి వచ్చిన 25వ సవరణ ప్రకారం అధ్యక్షుడు ప్రతిపాదించిన ఉపాధ్యక్షుణ్ణి ఉభయ సభలూ ఆమోదించాలి, రెండింటిలోనూ మెజారిటీ డెమోక్రాట్లది. ఈ బేరసారాలకు రెండు ప్రకరణాలు కేటాయించినా తప్పులేదు. అక్టోబరు 6న మొదలైన అరబ్-ఇజ్రాయెల్ యుద్ధాన్ని మాత్రం నేపథ్యంలోనే ఉంచు.

లంచాన్ని వర్ణనలతో నింపకు, కవరును చూపించు. మేరీల్యాండ్‌లో రోడ్ల పనులు దక్కించుకున్న ఇంజనీరు లెస్టర్ మాట్జ్, ఉపాధ్యక్షుడి కార్యాలయానికే వెళ్లి నగదు ఉన్న కవరు అందించానని ప్రాసిక్యూటర్లకు చెప్పాడు. కాంట్రాక్టుల్లో పర్సంటేజీల సంగతి మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ కవరు బల్ల మీద పడ్డ చప్పుడు వినిపిస్తే చాలు.

ఆయనను రాక్షసుడిగా మాత్రం చిత్రించకు. గ్రీసు నుంచి వలస వచ్చిన తండ్రి కొడుకు. 1966లో జాతి వివక్షవాదిగా పేరుపడ్డ ప్రత్యర్థిని ఓడించి గవర్నరయ్యాడు, ఆ గెలుపులో నల్లజాతి ఓటర్ల పాత్ర ఉంది. రెండేళ్లు తిరగకుండానే, మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత బాల్టిమోర్ అల్లర్లలో మునిగినప్పుడు, నల్లజాతి నాయకులను పిలిపించి వాళ్లనే తప్పుపట్టాడు. ఈ రెండు ముఖాలూ ఒకే మనిషివని పాఠకుడు నమ్మాలి, అప్పుడే ఆయన అధ్యక్షుడిగా తీసుకునే నిర్ణయాలకు విలువ ఉంటుంది.

రిచర్డ్‌సన్ ఏం చేస్తాడన్న సందేహం నీకు రాకూడదు. వాటర్‌గేట్ దర్యాప్తు చేస్తున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్ కాక్స్‌ను తొలగించమని నిక్సన్ ఆదేశిస్తే, ఆ పని చేయకుండా 1973 అక్టోబరు 20న రాజీనామా ఇచ్చిన మనిషి ఆయన. కాబట్టి రెండో ప్రకరణాన్ని న్యాయశాఖలో, ఆయన గదిలో, బాల్టిమోర్ నుంచి వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుని ఉండగా మొదలుపెట్టి, పూర్తి కాగానే నాకు పంపించు.

ఆశీస్సులతో,
మామయ్య