ఆర్మీలో చేరాలనుకునే కుర్రాడు ముందు ఓడిన సేనాని పుస్తకం చదవాలి

ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్షకి ప్రిపేర్ అవుతున్న మీ తమ్ముడికి నాయకత్వం, యుద్ధ అనుభవాలు, ఆధునిక చరిత్ర మీద పుస్తకాలు చెప్పమన్నారు. ఒక్కటే కొనగలిగితే, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో జపాన్‌తో పోరాడిన బ్రిటిష్ సేనాని విలియం స్లిమ్ రాసిన ‘డిఫీట్ ఇన్‌టు విక్టరీ’ కొనండి. 1956లో వచ్చింది. నాయకత్వం గురించి ఇంత నిజాయితీగా రాసిన పుస్తకం మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

మాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడి పాత తెలుగు కుటుంబాల్లో బర్మాలోని రంగూన్ పేరు వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. ఒకప్పుడు గోపాలపూర్ రేవులో ఓడెక్కి మనవాళ్లు కూలికీ వ్యాపారానికీ అక్కడికే వెళ్లేవారు. మా తాతయ్యా అలాగే వెళ్లి, 1942లో జపాన్ సైన్యం వచ్చిపడితే పెళ్లాంబిడ్డలతో కాలినడకన తిరిగొచ్చాడు. ఆ వేసవిలోనే స్లిమ్ తన ఓడిన సైన్యాన్ని ఇంఫాల్ దాకా నడిపించుకొచ్చాడు.

అప్పటికి మా పెదనాన్న చిన్న పిల్లాడు. ముసలితనంలో ఆయనకు చూపు మందగించాక ఆ అధ్యాయాలు నేను తెలుగులో చెబుతూ చదివి వినిపించేవాణ్ణి. చింద్విన్ నది, కలేవా, తమూ అని పేర్లు వస్తుంటే మంచం పట్టె మీద వేలితో దారి గీసుకుంటూ వినేవాడు. ట్యాంకులనూ లారీలనూ నది దాటించలేక సైన్యమే పాడుచేసి వదిలేసిన ఘట్టం దగ్గర “ఆగరా” అన్నాడు. “ఆ లారీలు వస్తున్నాయంటే మమ్మల్ని రోడ్డు దిగిపొమ్మనేవారు. అమ్మ చెల్లిని భుజానేసుకుని గోతిలో నిలబడేది. అయితే అవీ ఇటు రాలేదన్నమాట!” అని, ఆ పేజీ మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత “తప్పెవరిదని రాశాడా దొర?” అని అడిగాడు. తన సేనానాయకత్వంలో గర్వపడాల్సింది పెద్దగా లేదని స్లిమ్ తనే రాసుకున్నాడని చెప్పాను. “అయితే చదువు” అన్నాడు.

తర్వాత అదే మనిషి గెలిచిన తీరు మీ తమ్ముడు శ్రద్ధగా చదవాలి. 1943లో గాయపడి వెనక్కి వచ్చే ఒక్కో సైనికుడికి జబ్బుపడి వచ్చేవాళ్లు 120 మంది. మలేరియా మాత్రలు మింగుతున్నారో లేదో స్లిమ్ ఆకస్మిక తనిఖీలు పెట్టించాడు. మింగినవాళ్లు 95 శాతం కన్నా తగ్గితే ఆ దళం కమాండింగ్ ఆఫీసర్‌నే తీసేశాడు. ముగ్గురిని తీసేసరికి మిగతావాళ్లు దారికొచ్చారు. ముందువరసలో వాళ్లకు సగం రేషన్ అయితే తన హెడ్‌క్వార్టర్స్‌లోనూ సగమే పెట్టించాడు. స్టేషన్ స్టాల్స్ నిండా ఉండే విజయ రహస్యాల పుస్తకాల్లో ఇలాంటి ఒక్క పేజీ చూపించండి. నాయకత్వం పేరుతో అమ్ముతున్నదంతా ఉపన్యాసమే, పిల్లల డబ్బు దానికి పోతుంటే నాకు కడుపు మండుతుంది.

రెండోది బ్రిగేడియర్ జాన్ దళ్వీ 1969లో ప్రచురించిన ‘హిమాలయన్ బ్లండర్’. 1962 చైనా యుద్ధంలో సరిహద్దులోని నమ్‌కా చు నది దగ్గర బ్రిగేడ్‌ను నడిపి, చైనాకు బందీగా చిక్కినవాడు. చలిబట్టలు, మందుగుండు సరిగా లేని జవాన్లను ఢిల్లీ ఆదేశాలతో ఎక్కడ నిలబెట్టారో చదివితే రక్తం మరుగుతుంది. కోపంతో రాసిన పుస్తకం, ఆ కోపం న్యాయమైనదే.

చరిత్రకి, సర్దార్ పటేల్ దగ్గర కార్యదర్శిగా పనిచేసిన వి.పి.మీనన్ రాసిన సంస్థానాల విలీనం కథ చాలు. 1947 డిసెంబరులో పటేల్, మీనన్ కటక్ వచ్చి ఒడిశా రాజుల చేత సంతకాలు పెట్టించిన ఘట్టం మా ప్రాంతం వాళ్లకి మరీ దగ్గర.

ఇవన్నీ ఇంగ్లీషు పుస్తకాలే. బర్మా నుంచి నడిచొచ్చిన తెలుగు కూలీల గురించి మాత్రం ఇంత లావు పుస్తకం నాకెక్కడా కనబడలేదు. మా ఊరి తెలుగు పిల్లలు చాలామంది ఒడియా, ఇంగ్లీషు చదవగలరు గానీ తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. రాసినా వాళ్లకెలా చేరుతుందన్నది వేరే బాధ. మీ ఇంట్లో రంగూన్ చూసిన పెద్దలెవరైనా మిగిలి ఉంటే, పుస్తకాలు తర్వాత, ముందు మీ తమ్ముణ్ణి వాళ్ల పక్కన కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయించండి.