సమాధానం: ‘ఎ’, ‘ద’ ఖాళీలకు ఒడియా సాయం

మేడమ్ గారూ, నెట్‌లో దించిన ఇంగ్లీషు వర్క్‌షీట్లలో మీ నాలుగో తరగతి పిల్లలు ‘ఎ’ (a), ‘ద’ (the) ఖాళీలను గుడ్డిగా పూరిస్తున్నారని రాశారు. ఇక్కడ ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకూ ఇదే గోల. ఇంట్లో మాట్లాడే తెలుగులో ‘ద’కి సరిపడే మాటే లేదాయె, పిల్లల్ని ఏమని లాభం లేదు. బడిలో చదివే ఒడియాలో మాత్రం దానికి దగ్గరిది ఉంది. ‘గోటియే బొహి’ అంటే ఏదో ఒక పుస్తకం, ‘బొహిటి’ అంటే మనకు తెలిసిన ఆ పుస్తకం. ఆ ‘టి’ని పట్టుకోండి.

నేను అరఠావు మీద మన ఊళ్లో కొమ్ముతో చేసే బొమ్మల్లోని కొంగను గీసి, కింద రెండు వాక్యాలు రాశాను: ‘ఐ సా ___ బర్డ్. ___ బర్డ్ వాజ్ బ్లాక్.’ పెన్సిల్ ముట్టకుండా ముందు ఒడియాలో పైకి చెప్పమన్నాను. ఒక పిల్ల ‘చొఢెయిటి’ (ఆ పిట్ట) అనేసి, ఒక్క క్షణం ఆగి, గబగబా ‘ద’ రాసేసింది. మిగతావాళ్లు దాన్ని చూసి కాదు, చెప్పుకుంటూనే రాశారు.

విడి వాక్యాలిస్తే ఇది సాగదు. వెనక వాక్యం లేకుండా ‘ద’ ఎందుకొచ్చిందో ఎవరికి తెలుస్తుంది? జంటలుగానే ఇవ్వండి. ‘ఎన్’ (an) తర్వాతి మాట శబ్దాన్ని బట్టి చెవితో పట్టేది, ఇంకో రోజు చూసుకోవచ్చు.

ఒక్క చిక్కు: ‘ద సన్’ లాంటి వాటి దగ్గర ఈ కిటుకు పారదు, సూర్యుడికి ‘టి’ తగిలించరు కదా. వాటిని మొదటి షీట్లలో పెట్టకండి. ఆ నెట్ షీట్లలోని మంచుమనిషి బొమ్మలు కూడా తీసేయండి, జెరాక్స్ ఇంకు దండగ.