తుపాకీ పట్టుకున్నవాణ్ని కాల్చినా స్వాట్ 4లో పెనాల్టీ ఎందుకు పడుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైంది. దుండగుడి చేతిలో తుపాకీ స్పష్టంగా కనిపిస్తోంది, మీరు కాల్చారు, మిషన్ చివర్లో చూస్తే అనధికారంగా ప్రాణాంతక బలం వాడారని 10 పాయింట్లు కోసేశారు. ఇదేం లెక్క అని అడిగారు. స్వాట్ 4 అంటే ప్రత్యేక పోలీసు బృందంగా ఇళ్లలోకి, భవనాల్లోకి చొరబడి దుండగుల్ని పట్టుకునే, బందీల్ని కాపాడే కంప్యూటర్ గేమ్. దీన్ని నేను హాస్టల్ రోజుల నుంచి ఆడుతున్నాను. ఇదే ప్రశ్న మా గదిలో ఎన్ని రాత్రులు నలిగిందో చెప్పలేను.

గేమ్‌కి కావలసింది ఆ క్షణంలో వాడు ఆ తుపాకీతో ఏం చేస్తున్నాడన్నది. కిందికి దించి నిలబడితే కాల్చకూడదు. మీ మీదికో, మీ టీమ్ మీదికో, బందీ మీదికో గురిపెడితే కాల్చవచ్చు. వెనక్కి తిరిగి పరిగెడుతున్నవాడి వీపు మీద కాల్చారంటే, వాడి చేతిలో ఆయుధం ఉన్నా సరే, తప్పు మీదే. అనుమతి అనేది మిషన్ మొత్తానికి ఒకేసారి ఇచ్చేది కాదు. వాడు గురిపెట్టగానే వస్తుంది, తుపాకీ పారేయగానే పోతుంది.

నాకు ఇది తలకెక్కింది నైట్‌క్లబ్ మిషన్లో. మేం అయిదుగురం, కంప్యూటర్లు కలుపుకుని (ల్యాన్‌లో) ఒకే జట్టుగా (కో-ఆప్), అన్నిటికన్నా కష్టమైన ఎలీట్ మోడ్‌లో ఆడుతున్నాం. ఎలీట్‌లో గట్టెక్కాలంటే 100కి 95 రావాలి, అంటే ఒక్క పొరపాటు కాల్పు చాలు, మొత్తం పోతుంది. పైగా మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. లోపల చీకటి, హోరెత్తే మ్యూజిక్. దాదాపు అంతా క్లియర్ చేశాం. ఒక తలుపు తీసేసరికి ఎదురుగా ఒకడు, పిస్టల్ నడుము దగ్గర పట్టుకుని ఉన్నాడు. నేను ఆయుధం పడేయమని అరిచాను. కదల్లేదు. వెనక నుంచి మా రూమ్మేట్, "కాల్చేయ్ మామా, గన్ ఉంది!" మళ్లీ అరిచాను. వాడు ఒకసారి ఎడమకి చూశాడు, ఒకసారి కుడికి చూశాడు. నా వేలు అప్పటికే నిర్ణయం తీసేసుకుంది. నేను నొక్కడమూ, పిస్టల్ నేల మీద టంగుమని పడటమూ దాదాపు ఒకేసారి జరిగాయి. ముందు చప్పుడు, తర్వాత తూటా. వాడి చేతులు పైకి లేస్తూ ఉన్నాయి.

ఆ రాత్రి అందరం మళ్లీ మొదటి నుంచి ఆడాం. నన్ను ఎవరూ తిట్టలేదు గానీ, ఆ లేస్తున్న చేతులు మాత్రం చాలా రోజులు గుర్తుండిపోయాయి.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే, అటూ ఇటూ చూడటమంటే వాడు తేల్చుకోలేక ఊగిసలాడుతున్నాడని. ఈ గేమ్‌లో ప్రతి దుండగుడికీ లోపల ధైర్యం లెక్క ఒకటి నడుస్తూ ఉంటుంది. ఊరికే అరిస్తే అది అంతగా తగ్గదు. ఫ్లాష్‌బ్యాంగ్ (వెలుగుతో, చప్పుడుతో కాసేపు దిమ్మ తిరిగేలా చేసే గ్రెనేడ్) పేలినా, గ్యాస్ కమ్మినా పడిపోతుంది. కాబట్టి తలుపు తీసే ముందే ఆ పని చేసిపెట్టుకోవాలి. ముందు ఆప్టివాండ్ అనే సన్నటి కెమెరాతో తలుపు కింద నుంచి చూడండి, లోపల మనిషి ఉంటే ఫ్లాష్‌బ్యాంగ్ వేయండి, వాడు కళ్లు నులుముకుంటున్నప్పుడే అరవండి. టెన్షన్ వాడికి ఉండాలి, మీకు కాదు.

ప్రాణం తీయని ఆయుధాల గురించి కూడా అడిగారు. స్వాట్ 4లో బీన్‌బ్యాగ్ షాట్‌గన్, పెప్పర్ స్ప్రే, కారం పొడి గుళ్లు పేల్చే పెప్పర్‌బాల్ గన్, కరెంటు షాకిచ్చే టేజర్, కళ్లు మండించే సీఎస్ గ్యాస్, రబ్బరు గుళ్లు చిమ్మే స్టింగ్ గ్రెనేడ్ ఉన్నాయి. నా ఓటు బీన్‌బ్యాగ్‌కే. అయితే దాని పేరు గేమ్‌లో కూడా 'లెస్ లెథల్' అనే ఉంటుంది, ప్రాణహాని తక్కువ అని మాత్రమే. నిజంగా కూడా అది సీసం గుళ్లు నింపిన చిన్న గుడ్డ సంచి. తలకి దగ్గర నుంచి తగిలితే మనిషి పోవచ్చు. పొట్ట కింది భాగానికో, తొడలకో మాత్రమే గురిపెట్టండి. గ్యాస్ వాడాలనుకుంటే టీమ్ మొత్తం హెల్మెట్ బదులు మాస్క్ వేసుకోవాలి, తలకి రక్షణ తగ్గుతుంది. చిన్న ఇళ్లలో అది నాకు నచ్చదు.

ఇక రెండో మిషన్, ఫెయిర్‌ఫాక్స్ ఇల్లు. అందులో మనం పట్టుకోవాల్సిన హంతకుడి తల్లి ఉంటుంది. చేతిలో ఏమీ ఉండదు, కానీ ఎంత అరిచినా వినదు. మొదటిసారి ఆమెకి పెప్పర్ స్ప్రే కొట్టాల్సి వచ్చినప్పుడు మనసొప్పలేదు. కానీ ఆ ఇంట్లో ఎవరు ఎవరో ఇంకా తేలలేదు, కింద సెల్లార్లో ఒక అమ్మాయి బందీగా ఉంది. మాట వినని మనిషిని వెనక వదిలేసి ముందుకి వెళ్లలేం. అందుకే ఈ గేమ్‌లో బందీలకి కూడా చేతులు కట్టి, రేడియోలో రిపోర్ట్ చేస్తేనే పూర్తి మార్కులు. అసలు పోలీసు బృందాలు కూడా ఎవరు ఎవరో తేలేదాకా చాలాసార్లు ఇలాగే చేస్తాయి.

ఈ రూల్స్ గేమ్ తయారుచేసినవాళ్లు ఊహించి రాసినవి కావు. 1974లో అమెరికాలోని మెంఫిస్‌లో, ఒక ఇంట్లో దొంగతనం చేసి కంచె ఎక్కి పారిపోతున్న 15 ఏళ్ల కుర్రాణ్ని పోలీసు వెనక నుంచి తలలో కాల్చాడు. వాడి చేతిలో ఆయుధం లేదు. దొరికింది ఒక పర్సు, పది డాలర్లు. ఆ కేసులోనే 1985లో అక్కడి సుప్రీంకోర్టు, పారిపోతున్నాడన్న ఒక్క కారణంతో మనిషిని చంపకూడదని, అతని వల్ల ఎవరికైనా తీవ్రమైన ప్రమాదం ఉందని నమ్మడానికి తగిన కారణం ఉండాలని చెప్పింది. 1989లో గ్రాహమ్ కేసులో మరో మాట చేర్చింది: పోలీసు చేసింది సబబా కాదా అన్నది, తర్వాత తీరిగ్గా కూర్చుని కాకుండా, ఆ క్షణంలో అక్కడ ఉన్న అధికారి కళ్లతో చూసి తేల్చాలి. అది చదివాకే నాకు నైట్‌క్లబ్ పెనాల్టీ మీద కోపం పోయింది. మన దగ్గర కుర్రాళ్లు గేమ్ ఆడుతూ "ఎన్‌కౌంటర్ చేసేద్దాం" అని ఎంత తేలిగ్గా అంటారో, నేనూ అనేవాణ్ని. ఇప్పుడు నోరు రాదు.

మీకు వెంటనే పనికొచ్చేది ఒకటి చెబుతాను. జంటలుగా వెళ్లండి. ముందున్నవాడి చేతిలో బీన్‌బ్యాగ్, అరిచే పని అతనిదే. పక్కన అర అడుగు వెనక ఉన్నవాడి చేతిలో రైఫిల్, అతను ఏమీ మాట్లాడకుండా దుండగుడి చేతుల్నే చూస్తూ ఉంటాడు. తుపాకీ గొట్టం పైకి లేస్తే రైఫిల్ పలుకుతుంది. ఊగిసలాడుతుంటే బీన్‌బ్యాగ్. కింద పడేస్తే ఇద్దరూ ఆగి, ముందు చేతులు కట్టి, ఆ తర్వాత ఆయుధం తీసి, రిపోర్ట్ చేస్తారు. ఒంటరిగా ఆడుతుంటే మీరు బీన్‌బ్యాగ్ పట్టుకుని, కంప్యూటర్ ఆఫీసర్లకి రైఫిల్స్ ఇవ్వండి. మేం నైట్‌క్లబ్‌ని రెండో వారంలో ఇలాగే దాటాం. ఆ తలుపు దగ్గర ఈసారి నా చేతిలో బీన్‌బ్యాగ్ ఉంది, రూమ్మేట్ నోరు మూసుకుని నా భుజం పక్కన నిలబడ్డాడు.