పథ్యం పేరుతో పస్తులు వద్దు: బాలింత భోజనంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయికి సిజేరియన్ అయి పన్నెండు రోజులైంది. పప్పు తింటే కుట్లు చీము పడతాయనీ, నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందనీ మా అత్తగారు రెండు పూటలా వెల్లుల్లి కారం, నెయ్యన్నమే పెట్టిస్తున్నారు. మూడు రోజులకోసారి గానీ విరేచనం కావడం లేదు. ముక్కితే కుట్లు లాగుతున్నాయంటోంది. ఏం పెట్టమంటారు?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: ముందు నీళ్ల సంగతి చూడండమ్మా. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీరే. పాలు బాగా పడ్డాక రోజుకు ముప్పావు లీటరు దాకా బిడ్డకే పోతాయి. తాగేది తగ్గిస్తే ఒళ్లు పేగుల్లోని నీటిని లాగేసుకుంటుంది, మలం గట్టిపడుతుంది. పొట్ట ఎత్తుగా కనబడేది నీళ్లవల్ల కాదు. గర్భసంచి మామూలు సైజుకు రావడానికి ఆరు వారాలు పడుతుంది, సాగిన కండరాలు బిగుసుకోవడానికి ఇంకా ఎక్కువే పడుతుంది. చారు, పాలు, మజ్జిగ అన్నీ కలిపి రోజుకు రెండున్నర, మూడు లీటర్లు లోపలికి వెళ్లాలి. చన్నీళ్లంటే పెద్దావిడ ఒప్పుకోకపోతే జీలకర్ర వేసి కాచిన గోరువెచ్చని నీళ్లే ఇవ్వండి. పాలిచ్చే ప్రతిసారీ ఒక గ్లాసు పక్కన పెడితే లెక్క దానంతటదే సరిపోతుంది.

చీముకు కారణం సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు. తెగిన చోట కొత్త కండ పట్టడానికి మాంసకృత్తులు కావాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 60 గ్రాములకు కాస్త పైగా అవసరం. పావుకిలో బియ్యం వండుకుని వెల్లుల్లి కారంతో తింటే వచ్చేది 20 గ్రాములే. అదే అన్నానికి 50 గ్రాముల కందిపప్పు (11 గ్రాములు), రెండు ఉడికించిన గుడ్లు (13), మొత్తం 400 మిల్లీలీటర్ల పాలు (13), గుప్పెడు వేయించిన చెనక్కాయలు (7) చేరితే లెక్క నిండుతుంది. గుడ్డు తినని ఇంట్లో ఆ స్థానంలో ఒక కప్పు పెరుగు, 40 గ్రాముల ఉలవల గుగ్గిళ్లు పెట్టండి. ఉలవలు రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికిస్తేనే, లేకుంటే కడుపుబ్బరం తప్పదు.

వెల్లుల్లి కారం మానిపించనక్కర్లేదు. మొదటి ముద్ద దాంతోనే తినిపించి పెద్దావిడ మాట నిలబెట్టండి, రెండో ముద్దకు పప్పు రానివ్వండి. మిరపకాయలు మాత్రం సగానికి తగ్గించాలి. మలబద్ధకంలో కారం ఎక్కువైతే మలద్వారం దగ్గర మంట, మొలల బాధ తోడవుతాయి. మధ్యాహ్నం పప్పులోనే గుప్పెడు తోటకూర గానీ మునగాకు గానీ వెయ్యండి. సాయంత్రం జామకాయో, బాగా పండిన బొప్పాయి ముక్కలో ఇవ్వండి. కడుపుతో ఉన్నప్పుడు బొప్పాయి వద్దన్న మాట కాన్పు తర్వాత పండుకు వర్తించదు. ఇవన్నీ చేసినా నాలుగైదు రోజుల్లో దారికి రాకపోతే మలం మెత్తబరిచే మందు డాక్టర్నే అడగండి, సొంతంగా విరేచనాల మందు వేయొద్దు. కుట్ల చుట్టూ ఎర్రబడినా, వాసన వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలిచ్చారు. మాత్రలు పడక, రోజూ రాగిసంగటి తింటే చాలునని మానేశాను. సరేనా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: సంగటి తినండి, మాత్ర మానొద్దు. రాగుల గొప్పతనం సున్నంలో (కాల్షియంలో) ఉంది. వంద గ్రాముల పిండిలో సుమారు 350 మిల్లీగ్రాములు. ఇనుము నాలుగైదు మిల్లీగ్రాములే, అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే, పైతొక్కలోని వగరు దాన్ని పట్టి ఉంచుతుంది. కాన్పయ్యాక 180 రోజులు రోజుకొకటి వేసుకోమని ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రెండింటికీ పోలికే లేదు.

మాత్ర పడకపోవడానికి చాలాసార్లు వేసుకునే వేళే కారణం. పరగడుపున వికారం పెడుతుంటే రాత్రి భోజనమయ్యాక నిమ్మరసం నీళ్లతో మింగండి. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. కాఫీ, టీ, పాలు కూడా దాని దగ్గరికి రానివ్వొద్దు. మలం నల్లగా వస్తే భయపడకండి.

సంగటి పట్టక కడుపు బరువెక్కుతోందంటే పిండి పచ్చిగా ఉండిపోయిందన్నమాట. అర గ్లాసు బియ్యం నానబెట్టి మూడు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, నీళ్లు ఇంకా తెర్లుతుండగానే గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోయాలి. కలపకుండా మూతపెట్టి సన్నసెగన ఎనిమిది నిమిషాలు ఉంచి, ఆ తర్వాతే తెడ్డుతో గట్టిగా గెలకాలి. ముందే కలిపితే ఉండ కట్టి లోపల పచ్చిపిండి మిగులుతుంది. పక్కన ఊరిబిండి పచ్చడి ఒక్కటే కాకుండా మునగాకు పప్పుండాలి, దాని మీద నిమ్మకాయ పిండండి. నిమ్మలోని పులుపు ఆకులోని ఇనుమును కాస్త ఎక్కువగా ఒంటికి పట్టిస్తుంది.

ప్రశ్న: కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, ఇప్పుడు లేదన్నారు. బాలింత కాయం తినొచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము మీకు చేటు చేయవు. చూసుకోవలసింది బెల్లాన్నే, చాలా ఇళ్లలో కాయంలో సగం అదే. రోజుకు గోలీ సైజు ఒక్కటి, అదీ భోజనం తర్వాత. మధ్యమధ్యలో నోట్లో వేసుకునే అలవాటు వద్దు. మినప సున్నుండలకూ ఇదే కొలత. రాగిజావ కన్నా సంగటి మేలు, జావ తొందరగా అరిగి షుగరును త్వరగా పెంచుతుంది. కాన్పయిన ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్ష తప్పక చేయించుకోండి. అది మామూలుగా వచ్చినా ఏటా ఒకసారి చూపించుకోవాలి.

ప్రశ్న: పాలు పడాలంటే పాలసొర చేప పెట్టాలంటున్నారు. వారానికి ఎన్నిసార్లు?
– ఒక పాఠకుడు, సూళ్లూరుపేట

జవాబు: పాలు పెరిగేది బిడ్డ చీకే కొద్దీ. రోజుకు 8 నుంచి 12 సార్లు రొమ్ము పట్టించాలి, రాత్రి కూడా. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. సొరజాతి చేపల్లో పాదరసం పేరుకుంటుంది, కాబట్టి పాలిచ్చేటప్పుడు వాటిని పక్కన పెట్టడమే మంచిది. మీ తీరంలో దొరికే కవళ్లు, కానాగంతలు వారానికి రెండుసార్లు పులుసు పెట్టించండి. వేపుడు కన్నా పులుసే మేలు, నూనె తగ్గుతుంది.