క్రౌన్ దాకా వచ్చి జారిపోతున్నాం, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు, డిగ్రీ రెండో సంవత్సరం. నలుగురు స్నేహితులం కలిసి బీజీఎంఐ అనే ఫోన్ షూటింగ్ గేమ్‌లో స్క్వాడ్, అంటే నలుగురి జట్టుగా ఆడతాం. మూడు సీజన్ల నుంచి ఇదే కథ. క్రౌన్ ర్యాంక్‌కి వస్తాం, వంద పాయింట్లు ఎక్కుతాం, రెండు రోజుల్లో మళ్లీ దాని కిందున్న డైమండ్‌లో పడతాం. నాకు మ్యాచ్‌కి నాలుగైదు కిల్స్ వస్తాయి. అయినా క్రౌన్ పైనున్న ఏస్ మొహం చూడలేదు. గన్ మార్చాలా, ఫోన్ మార్చాలా?

జవాబు: తమ్ముడూ, మ్యాచ్‌కి నాలుగైదు కిల్స్ వస్తున్నాయంటే నీ గన్‌లోనూ లోపం లేదు, నీ చేతిలోనూ లేదు. మీరు ఎక్కడ దూకుతున్నారో మాత్రం రాయలేదు. పొచింకీ అనే ఊళ్లో అనుకుంటున్నా. ఎరాంగెల్ మ్యాప్ ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు, పొచింకీ దాదాపు నడిమధ్యలో ఉంటుంది కాబట్టి విమానం ఎటు నుంచి పోయినా అక్కడ రెండు మూడు జట్లు దిగుతాయి. నలుగురిలో ఇద్దరు మూడో నిమిషంలోనే పోతే మిగిలిన ఇద్దరూ ఎంత బాగా ఆడినా మ్యాచ్ చివర్లో కనిపించేది మైనస్సే.

క్రౌన్ 3700 పాయింట్ల దగ్గర మొదలవుతుంది, ఏస్ 4200 దగ్గర. మధ్యలో ఐదు మెట్లు, మెట్టుకు వంద. గోల్డ్ లాంటి కింది ర్యాంక్‌లో ఉన్నప్పుడు తొందరగా చచ్చిపోయినా పెద్దగా పోయేది ఉండదు, పైకి వచ్చేకొద్దీ ఆ మైనస్ పెరుగుతుంది, అదే ఆటకు వచ్చే ప్లస్ తగ్గుతుంది. అందుకే డైమండ్ దాకా తెచ్చిన అలవాటే క్రౌన్‌లో మిమ్మల్ని కిందికి లాగుతోంది. వంద మంది దిగే ఆటలో పాతిక జట్లు ఉంటాయి, వాటిలో మొదటి ఐదారింట్లో వరసగా నిలబడే జట్టు కిల్స్ తక్కువున్నా ఎక్కుతుంది.

మీ ఊళ్లో బంగారం అంగళ్ల వాళ్లు రాత్రి లెక్క రాయకుండా షట్టర్ దించరు కదా, మీరూ అట్లా ఒక నోట్‌బుక్ పెట్టండి. పది మ్యాచ్‌లు ఆడండి. ఎక్కడ దూకాం, ఎన్నో స్థానం, ముందు ఎవరు పోయారు, ఎందుకు పోయారు, ప్లస్ ఎంత మైనస్ ఎంత, ఇంతే రాయండి. పదో మ్యాచ్ అయ్యేసరికి మీ జబ్బు మీకే తెలుస్తుంది, నా జవాబుతో పని ఉండదు.

ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, మైక్‌లో మాట్లాడే తీరు. మన దగ్గర ఆడే పిల్లల మైక్ వినండి: "రే, ఆడుండాడు రా, ఆడ! కొట్టు కొట్టు!" ఆడంటే యాడ? చెప్పినవాడి స్క్రీన్ మిగతా ముగ్గురికీ కనపడదు కదా. పైన కంపాస్‌లో అంకెలుంటాయి, అవి చదవడం అలవాటు చేసుకోండి. "120లో ఒకడు, రెండంతస్తుల ఇల్లు, పైన కిటికీ" అంటే నాలుగు గన్నులు ఒకేసారి అటు తిరుగుతాయి. తగిలితే ఎంత తగిలిందో చెప్పాలి, ఫస్ట్ ఎయిడ్ వాడుతుంటే ఆ మాట చెప్పాలి, ఎందుకంటే ఆ ఆరు సెకన్లు నువ్వు కాల్చలేవు, ఆ సంగతి పక్కవాడికి తెలియాలి. నాక్ అయినవాడు, అంటే దెబ్బ తిని కింద పడినా ఇంకా చావనివాడు, అరవడం మానేసి, తనను కొట్టినవాడు ఎక్కడున్నాడో చెప్పి నోరు మూసుకోవాలి. ఇది కష్టం, నాకు తెలుసు. కానీ నలుగురిలో ఒకడే నిర్ణయం చెప్పే పద్ధతి పెట్టుకుని వారం రోజులు ఓపిక పట్టండి, తేడా కనిపిస్తుంది.

పడినవాడిని రివైవ్ చేసేముందు, అంటే లేపేముందు, పొగ బాంబు వేయండి, ఒకటి కాదు రెండు. ఒకసారి నాక్ అయి లేచినవాడు మళ్లీ నాక్ అయితే ఈసారి రక్తం ఇంకా వేగంగా పోతుంది, కాబట్టి లేచిన వెంటనే ముందుకు ఉరకనివ్వద్దు.

ఇక ఫోన్. కొత్తది వద్దు. కడప ఎండల్లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఏ ఫోనైనా కాలిపోతుంది, కాలితే తన వేగం తనే తగ్గించుకుంటుంది, సరిగ్గా ఆఖరి జోన్‌లో, అంటే మ్యాచ్ చివర మిగిలే చిన్న వలయంలో, ఆట తడబడుతుంది. ర్యాంక్ మ్యాచ్‌లు పొద్దున్నే గానీ రాత్రి గానీ పెట్టుకోండి. వెనక కవర్ తీసేయండి, ఛార్జింగ్ పెట్టి ఆడొద్దు, గ్రాఫిక్స్ స్మూత్‌లో ఉంచండి. పింగ్ (నెట్ ఆలస్యం) ఎగిరెగిరి పడుతున్న రోజు ర్యాంక్ జోలికి పోకుండా ట్రైనింగ్ గ్రౌండ్‌లో రీకాయిల్ (కాల్చేటప్పుడు గన్ ఎగరడం) అదుపు చేసే సాధన చేసుకోండి.

ప్రశ్న: మాది అనంతపురం. నాకు జట్టు లేదు, ర్యాండమ్ వాళ్లతో ఆడతాను. అమ్మాయి గొంతు వినగానే బూతులు మొదలుపెడతారు, లేదా వదిలేసి వెళ్లిపోతారు. మైక్ ఆపేస్తే సమాచారం అందక ఓడిపోతున్నాను.

జవాబు: చెల్లెమ్మా, ఇది చదివి చాలా బాధేసింది. తప్పు నీది కాదు, మైక్ ఆపుకోవాల్సినదీ నువ్వు కాదు. అట్లాంటి వాడిని ఆ క్షణంలోనే మ్యూట్ చేసి, మ్యాచ్ అయ్యాక తప్పకుండా రిపోర్ట్ కొట్టు, బద్ధకించొద్దు. మాట లేకపోయినా మ్యాప్ మీద మార్కర్లు, క్విక్ చాట్‌లతో చాలా చెప్పొచ్చు. అయితే అసలు మార్గం జట్టు కట్టుకోవడమే. మర్యాదగా ఆడినవాళ్లు ఎదురైతే వెంటనే ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపు, పదిమందిలో ఒకరు నిలబడినా చాలు. ఇంట్లో తమ్ముడో, పిన్ని కూతురో, కాలేజీ స్నేహితురాలో ఆడేవాళ్లుంటే డ్యుయోతో, అంటే ఇద్దరి జట్టుతో మొదలుపెట్టు. ముగ్గురు తెలియనివాళ్లతో స్క్వాడ్‌కి పోవడం కంటే నమ్మకమైన ఒక మనిషితో డ్యుయోలో ర్యాంక్ నిలకడగా ఎక్కుతుంది.

ప్రశ్న: ఆదోని నుంచి రాస్తున్నాను. డబ్బులిస్తే నా ఐడీని ఏస్ దాకా ఎక్కించి ఇస్తామని ఒకరు అంటున్నారు. పాస్‌వర్డ్ అడిగారు, ఇచ్చేశాను. డబ్బు ఇంకా ఇవ్వలేదు.

జవాబు: ఇవ్వొద్దు. వాళ్లు హ్యాక్ వాడితే బ్యాన్ పడేది నీ ఐడీకి, వాళ్లకు కాదు. ఒకవేళ నిజాయితీగానే ఎక్కించారనుకో, నీ ఆట డైమండ్ ఆట, ఎదురొచ్చేది ఏస్ వాళ్లు, వారంలో మళ్లీ ఉన్నచోటికే వస్తావు. అది అట్లుంచు, ముందు ఆ ఐడీకి కలిపిన ఖాతా ఏదైతే ఉందో దాని పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చి, వేరే ఫోన్లలో లాగిన్ అయి ఉంటే అన్నిటిలోంచి తీసేయి. అదే పాస్‌వర్డ్ మెయిల్‌కి, డబ్బులు పంపే యాప్‌లకి కూడా పెట్టుకుని ఉంటే అవీ ఈ రాత్రికే మార్చు.