టార్ రిలే నడిపే సర్వరు నుంచి హెచ్చరిక మెయిళ్లు చేరడం లేదు: బ్లాక్‌లిస్టు నుంచి ఐపీని తీయించడం ఎలా?

మీ టార్ రిలే (వాడేవారి ఆచూకీ దాచే టార్ నెట్‌వర్కులో ట్రాఫిక్‌ను చేరవేసే సర్వరు) ఎగ్జిట్, అంటే ట్రాఫిక్ బయటి ఇంటర్నెట్‌లోకి వెళ్లే చివరి మజిలీ, కాదని, మధ్యలో అందించే మిడిల్ రిలే మాత్రమేనని, అయినా దాని ఐపీ బ్లాక్‌లిస్టులో (మెయిల్ సర్వర్లు తిరస్కరించే చిరునామాల జాబితాలో) చేరిందని రాశారు. తీయించే ప్రయత్నం మానుకోమనే నా సలహా. టార్ రిలేల చిరునామాలన్నీ బహిరంగమే, ఆ పట్టిక గంటకోసారి కొత్తగా వెలువడుతుంది. కాబట్టి ఈ రోజు తీసేసినా రిలే నడుస్తున్నంత కాలం మీ ఐపీ మళ్లీ అందులోకి వస్తుంది. ఇలాంటి జాబితాలు ప్రచురించే డాన్.మీ.యూకే వంటి సైట్లలో ఎగ్జిట్లకు వేరే జాబితా, అన్ని రిలేలకూ కలిపి వేరే జాబితా ఉన్నాయి. రెండో దాన్ని పట్టుకుని మెయిళ్లు తిప్పికొట్టడం నా దృష్టిలో తెలివితక్కువ పనే, ఎందుకంటే టార్ అసలు ఎగ్జిట్లకే, సర్వర్ల మధ్య మెయిల్ నడిచే 25వ పోర్టును మామూలుగా మూసి ఉంచుతుంది.

నేను శ్రీకాకుళం నుంచి చూసుకునే అద్దె సర్వరులో ఒకసారి డిస్కు నిండి, తొమ్మిది రోజులు బ్యాకప్ ఆగిపోయినా నాకు తెలియలేదు. క్రాన్ (పెట్టిన వేళకు పనులు నడిపే ప్రోగ్రాము) రోజూ తెల్లవారుజామున మెయిల్ పంపుతూనే ఉంది. లాగ్‌లో మాత్రం ప్రతిసారీ 554 5.7.1 అనే తిరస్కారమే కనిపించింది. తిరిగొచ్చినవన్నీ అదే సర్వరులో, నేను ఎన్నడూ తెరవని రూట్ (అడ్మిన్ ఖాతా) మెయిల్‌బాక్సులో పడి ఉన్నాయి.

ఆ తరువాత నేను నేరుగా పంపడం మానేసి, పోస్ట్‌ఫిక్స్‌లో (సర్వరులో మెయిల్ నడిపే ప్రోగ్రాము) రిలేహోస్ట్‌గా, అంటే మన మెయిళ్లను ముందుకు పంపే సర్వరుగా, ఒక మెయిల్ సేవ సర్వరును 587 పోర్టుతో పెట్టి, యూజర్ పేరు, పాస్‌వర్డుతో లాగిన్ అయి పంపేలా మార్చాను. అప్పుడు గ్రహీత సర్వరుకు కనిపించేది ఆ సేవ ఐపీయే తప్ప మీది కాదు. (మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో చూపే రిసీవ్డ్ హెడర్లలో మీ ఐపీ మిగిలిపోయే అవకాశం ఉంది, కానీ నాకు దానివల్ల ఇబ్బంది రాలేదు.) జీమెయిల్ వాడితే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి. సొంత ఖాతా ఇవ్వకండి, ఈ పనికే వేరే ఖాతా తెరవండి. పాస్‌వర్డు ఉన్న ఫైలుకు 600 అనుమతులు (యజమాని మాత్రమే చదివి, రాయగలిగేలా) పెట్టండి. మెయిల్ పంపడమే తప్ప అందుకోని సర్వరైతే పోస్ట్‌ఫిక్స్ కూడా అక్కరలేదు, ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ అనే చిన్న ప్రోగ్రాము చాలు.

ఇంకొకటి, ఏ లోపమూ లేని రోజున కూడా ఉదయం ఆరింటికి "బ్యాకప్ పూర్తయింది" అని ఒక మెయిల్ వచ్చేలా పెట్టుకున్నాను. అది రాని రోజున టీ తాగకముందే సర్వరులోకి లాగిన్ అవుతాను.